పడవ ఇంట్లో వాషింగ్ మెషీను మార్చడమెట్లా?



మన ఇంట్లో వాషింగ్ మెషీను పాడైపోయిందనుకోండి. ఏం చేస్తాం? రిపేరువాణ్ణి పిలుస్తాం. అతను చూసి, "దీని పని అయిపోయిందండీ, కొత్తది కొనుక్కోండి," అంటే దుకాణానికి పోయి కొంటాం. ఇద్దరు మనుషులు వచ్చి కొత్తది లోపల పెట్టి, పాతది మోసుకుపోతారు. గంటలో పని అయిపోతుంది.

ఐతే ఈ గంట పనికి రెండు రోజులు పట్టే ఇళ్ళు కూడా వున్నాయి. అక్కడ తలుపులు వూడదీస్తారు. కిటికీలు వూడదీస్తారు. ఒక్కొక్కప్పుడు పాత మెషీనునే ముక్కలు ముక్కలుగా విప్పి బయటికి తెస్తారు. ఎందుకంటే ఆ ఇళ్ళు నేలమీద వుండవు. నీళ్ళమీద తేలుతూ వుంటాయి.

ఇంగ్లండులో వేలకొద్దీ జనం కాలవ పడవల్లోనే కాపరం వుంటున్నారు. ఆ పడవలను "న్యారోబోట్లు" అంటారు. అంటే సన్న పడవలు అని అర్థం. పేరుకు తగ్గట్టే అవి చాలా సన్నగా వుంటాయి. పొడుగు 50, 60 అడుగులు, కొన్ని 70 అడుగులు కూడా వుంటాయి. వెడల్పు మాత్రం 6 అడుగుల 10 అంగుళాలే! గోడల మందం పోగా లోపల మిగిలేది ఆరడుగులు. పొడుగాటి మనిషి అడ్డంగా పడుకుంటే తల ఒక గోడకూ, కాళ్ళు రెండో గోడకూ తగులుతాయి. వంటిల్లు, పడకగది, స్నానాలగది, పొయ్యి, పుస్తకాల అలమర అన్నీ ఈ ఇరుకులోనే, రైలుపెట్టెలో లాగా ఒకదాని వెనక ఒకటి వుంటాయి.

పడవలను ఇంత సన్నగా ఎందుకు కట్టారు?

దీనికి కారణం లాకులు. గోదావరి, కృష్ణా డెల్టాలలో కాలవలమీద లాకులు చూసినవారికి ఈ సంగతి సులభంగా తెలుస్తుంది. కాలవ ఎత్తునుంచి పల్లానికి దిగేచోట లాకు కడతారు. పడవ లాకులోకి వచ్చాక తలుపులు మూసి, నీళ్ళు వదిలితే పడవ మెల్లిగా కిందికి దిగుతుంది. నీళ్ళు నింపితే పైకి లేస్తుంది.

1766లో ఇంగ్లండులో ట్రెంట్ నదినీ, మెర్సీ నదినీ కలుపుతూ ఒక పెద్ద కాలవ తవ్వడం మొదలుపెట్టారు. పింగాణీ సామాను చేసే జోసయా వెడ్జ్‌వుడ్ దానికి ఎంతో తోడ్పడ్డాడు. గతుకుల రోడ్లమీద బళ్ళలో పంపితే పింగాణీ పగిలిపోయేది గదా! ఆ కాలవకు ఇంజనీరు జేమ్స్ బ్రిండ్లీ. అతను 1772లో చనిపోయినా పని ఆగలేదు. 1777లో కాలవ పూర్తి అయింది. ఆ కాలవమీద చాలా లాకులను సుమారు 7 అడుగుల వెడల్పుతో కట్టారు. లాకు సన్నగా వుంటే కట్టడానికి ఖర్చు తక్కువ, పడవ దాటిన ప్రతిసారీ ఖర్చయ్యే నీరు కూడా తక్కువ. తర్వాత తవ్విన కాలవల్లో చాలావాటికి ఇదే కొలత పెట్టారు. లాకు 7 అడుగులైతే పడవ 6 అడుగుల 10 అంగుళాలు వుండక తప్పదు.

తర్వాత రైళ్ళు వచ్చాయి, లారీలు వచ్చాయి. సరుకులు పడవలనుంచి వాటిలోకి మారిపోయాయి. కాలవలు మాత్రం మిగిలాయి. బొగ్గూ, పింగాణీ మోసిన నమూనాలోనే ఇప్పుడు జనం ఇనప పడవలు కట్టుకుని వాటిలో కాపరాలు చేస్తున్నారు. వారికీ వాషింగ్ మెషీను కావాలి. ఆ దేశంలో చలి, వాన ఎక్కువ గనక బట్టలు ఆరబెట్టే యంత్రం, అంటే డ్రయ్యరు, కూడా కావాలి.

కారే నీళ్ళు ఎక్కడికి పోతాయి?

ఇప్పుడు ఒక పడవను ఊహించుకోండి. అందులో మీరు, మీ అమ్మ, నాన్న, తమ్ముడు వుంటున్నారు. స్నానాలగది పక్కన చిన్న గూడులాంటి చోటు వున్నది. అందులో కింద వాషింగ్ మెషీను, దానిమీద డ్రయ్యరు. రెండూ పాతబడ్డాయి. వాషింగ్ మెషీను అడుగునుంచి నీళ్ళు కారుతున్నాయి.

నేలమీది ఇంట్లో నీళ్ళు కారితే తడిగుడ్డతో తుడుస్తాం. పడవలో ఆ నీళ్ళు చెక్కనేల సందుల్లోంచి కిందికి పోతాయి. చెక్కనేల కింద పడవ ఇనప అడుగు వుంటుంది. అక్కడ చేరిన నీరు ఎవరికీ కనపడదు. అది నెలలకొద్దీ నిలిచి ఇనుమును లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది. బయటినుంచి ఎంత రంగు వేసినా లాభం లేదు. అందుచేత మెషీను మార్చే పని వాయిదా వేయడానికి వీల్లేదు.

సరే, నాన్న కొలబద్ద తీసుకుని గూడు కొలిచాడు. 65 సెంటీమీటర్ల వెడల్పు వున్నది. ఇంగ్లండులో అమ్మే మామూలు వాషింగ్ మెషీను వెడల్పు 60 సెంటీమీటర్లు, ఎత్తు 85. లోతు 55 మొదలు 60 దాకా వుంటుంది. "ఇంకేం, సరిపోతుంది!" అనుకుంటాం. కాని అసలు చిక్కు గూటిలో లేదు, గూటిదాకా వెళ్ళే దారిలో వున్నది.

దారిని కొలవాలి

పడవ ముందుభాగాన్ని మన పడవలవాళ్ళు అణియం అంటారు, వెనకభాగాన్ని అమరం అంటారు. ఈ పడవకు అణియం వైపు గుమ్మం 58 సెంటీమీటర్లు. లోపల నడవ 62 సెంటీమీటర్లు. ఆ నడవ పక్కనే గూడు. ఇక అమరం వైపు ఇంజను, నిటారు మెట్లు వున్నాయి గనక అటునుంచి బరువు దించలేం. మరి 60 సెంటీమీటర్ల మెషీను 58 సెంటీమీటర్ల గుమ్మంలోంచి ఎట్లా పోతుంది?

పక్కకి తిప్పితే పోతుంది. మెషీను లోతు 55 సెంటీమీటర్లే అనుకోండి. 60 సెంటీమీటర్ల వైపు దారి పొడుగునా పెట్టి, 55 సెంటీమీటర్ల వైపు గుమ్మానికి అడ్డంగా పెడితే, మూడు సెంటీమీటర్లు ఇంకా మిగులుతుంది.

ఐతే ఇక్కడ ఒక కిటుకు వున్నది. నడవలోకి వచ్చాక మెషీనును మళ్ళీ తిప్పడం సాధ్యం కాదు. పెట్టెను తిప్పేటప్పుడు దానికి కావలసింది వెడల్పూ కాదు, లోతూ కాదు. మూలనుంచి మూలకు వుండే కర్ణం. 60, 55 సెంటీమీటర్ల పెట్టెకు కర్ణం 81 సెంటీమీటర్లు. నడవ చూస్తే 62! తిప్పబోతే మధ్యలోనే బిగిసి, ఇటూ రాదు, అటూ రాదు.

అందుచేత మెషీను ఏ ముఖంగా లోపలికి పోవాలో ఒడ్డుమీదనే నిర్ణయించుకోవాలి. దాని వీపు గూటివైపు, తలుపు ఎదటి గోడవైపు వుండేటట్టు పట్టుకుని నడవలో నెట్టుకుపోవాలి. గూటికి ఎదురుగా వచ్చాక తిప్పకుండా, వెనక్కి జరిపితే చాలు, గూట్లో కూచుంటుంది. నీళ్ళగొట్టాలు కూడా అది నడవలో వుండగానే తగిలించాలి. గూట్లోకి పోయాక వీపువైపు చేయి పట్టదు.

ఇంకో సంగతి. ఈ పడవల గోడలు పైకి పోయినకొద్దీ లోపలికి వాలి వుంటాయి. నేలదగ్గర వున్నంత చోటు భుజాల ఎత్తున వుండదు. కింద వాషింగ్ మెషీను, పైన డ్రయ్యరు పెడితే మొత్తం ఎత్తు 170 సెంటీమీటర్లు. కింది మెషీను హాయిగా పడుతుంది. పైన వున్న డ్రయ్యరు వీపు గోడకు తగిలి ముందుకు పొడుచుకు వస్తుంది. అందుచేత గూటి లోతును నేలదగ్గర ఒకసారి, డ్రయ్యరు పైఅంచు ఎత్తున ఇంకోసారి కొలవాలి. మెషీను తలుపు పూర్తిగా తెరుచుకోవడానికి నడవలో చోటు వున్నదా అని కూడా చూసుకోవాలి.

ఇంత చేసినా పట్టకపోతే? గుమ్మం తలుపులు బందులనుంచి వూడదీస్తే కొంత చోటు వస్తుంది. మరలతో బిగించిన కిటికీ చట్రం వూడదీసి, అందులోంచి దించేవాళ్ళు కూడా వున్నారు. వెడల్పు 51, ఎత్తు 70 సెంటీమీటర్లే వుండే చిన్న మెషీన్లు కూడా దొరుకుతాయి. రెండు యంత్రాలకు బదులు ఉతికి ఆరబెట్టే ఒకే మెషీను కొనేవాళ్ళూ వున్నారు. ఐతే అది ఉతికినన్ని బట్టలు ఒకేసారి ఆరబెట్టలేదు. సుమారు సగం తీసేసి ఆరబెట్టాలి.

మెషీనులో బండరాయి

మామూలు వాషింగ్ మెషీను 70 కిలోల దాకా బరువు తూగుతుంది. అందులో 20, 25 కిలోలు ఏమిటో తెలుసా? కాంక్రీటు దిమ్మ! మన ఇళ్ళలో ముందువైపు తలుపు వుండే మెషీన్లలో కూడా ఇటువంటి బరువు వుంటుంది. ఇంత ఖరీదైన యంత్రంలో బండరాయి ఎందుకు?

బట్టలు పిండేటప్పుడు లోపలి డ్రమ్ము నిమిషానికి 1200 సార్లు తిరుగుతుంది. అంటే క్షణానికి 20 సార్లు. డ్రమ్ము అడ్డకొలత అర మీటరు అనుకుంటే, దాని అంచున వున్న బట్ట తన బరువుకు 400 రెట్ల బలంతో డ్రమ్మును అదుముతుంది. తడితువాలు ఒకటి ఒకే పక్కకు చేరి, అటువైపు 100 గ్రాములు ఎక్కువైందనుకోండి. ఆ 100 గ్రాములు 40 కిలోల బలంతో డ్రమ్మును క్షణానికి 20 సార్లు చుట్టూ గుంజుతాయి. కాంక్రీటు లేకపోతే మెషీను గెంతుకుంటూ ఇల్లంతా తిరుగుతుంది!

2017లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ ట్రెంట్ విశ్వవిద్యాలయంవారు ఒక ఉపాయం చూపించారు. కాంక్రీటుకు బదులు మెషీనులో ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు పెట్టి, ఇల్లు చేరాక వాటిని నీళ్ళతో నింపవచ్చునన్నారు. మోసేటప్పుడు మెషీను తేలిక, తిరిగేటప్పుడు బరువు.

పాత మెషీనును బయటికి తెచ్చేటప్పుడు పడవవాళ్ళు పైమూత విప్పి, మరలు తీసి, ముందుగా ఈ దిమ్మను వేరు చేస్తారు. అంత బరువూ తగ్గుతుంది. కొత్త మెషీను జోలికి మాత్రం, దానితో వచ్చిన పుస్తకంలో ఏం రాశారో చూడకుండా పోకూడదు. కొత్తదానిలో డ్రమ్ము స్ప్రింగులకు వేలాడుతూ వుంటుంది గనక, దారిలో వూగకుండా వెనకనుంచి పొడుగాటి బోల్టులు బిగించి పంపుతారు. మోయడం అయ్యేదాకా అవి వుండాలి. మొదటిసారి నడిపేముందు మరిచిపోకుండా తీసేయాలి.

పడవ ఒరుగుతుంది

ఇల్లు నిలబడి వుంటుంది. పడవ తూగుతూ వుంటుంది. పెద్దబాలశిక్షలోని తక్కెడను తలుచుకోండి. పడవ నడుమ గీత ముల్లు అనుకుంటే, అటూ ఇటూ వుండే గోడలు తక్కెడ పళ్ళేలు. పాత రెండు యంత్రాలూ ఒకే పక్క వుండేవి. వాటికి సరిగా రెండో పక్క చెక్కనేల కింద ఇటికలో, రాతిపలకలో, ఇనప ముక్కలో పెట్టి పడవను సమంగా నిలిపారు. ఇప్పుడు 70 కిలోల మెషీను తీసేస్తే పడవ రెండో వైపుకు వాలుతుంది. కొత్తది పెట్టాక మళ్ళీ లేస్తుంది. కొత్తదాని బరువు వేరైతే పడవ మునపటిలాగా నిలవదు. అప్పుడు చెక్కనేల కింది బరువులు సర్దుకోవాలి.

మోసేటప్పుడు ఒరుగు ఇంకా ఎక్కువ. ఇద్దరు మనుషులు, మెషీను కలిసి 200 కిలోలు దాటుతాయి. ఆ బరువు పడవ అంచుమీదికి వచ్చిన క్షణంలో పడవ ఒడ్డువైపు వంగుతుంది. కట్టుతాళ్ళు వదులుగా వుంటే ఒడ్డుకూ పడవకూ మధ్య సందు పెరుగుతుంది. అందుకే ముందు తాళ్ళు బిగించి, తర్వాత గట్టి బల్ల వేసి, దానిమీదుగా మెషీను జరుపుతారు. ఆ సమయంలో పిల్లలు ఒడ్డుమీద దూరంగా వుండాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది గోడలో రంధ్రం. ఉతికిన నీళ్ళు పడవ పక్కగోడలోని రంధ్రంగుండా కాలవలోకి పోతాయి. ఆ రంధ్రం నీటిమట్టానికి 25 సెంటీమీటర్లయినా పైన వుండాలని పడవలవాళ్ళ నియమం. నీళ్ళు బయటికి పోయే దారి, నీళ్ళు లోపలికి వచ్చే దారి కూడా కావచ్చు గదా! పడవ ఒరిగి రంధ్రం నీటిలో మునిగిందంటే, కాలవ నీరు గొట్టంగుండా లోపలికి వస్తుంది. మామూలప్పుడు ఆ గొట్టాన్ని లోపల హంస మెడలాగా ఎత్తుగా వంచి వుంచుతారు గనక నీరు అంత తేలికగా రాదు. పాత మెషీను విప్పినప్పుడు మాత్రం ఆ గొట్టం తెగిన తీగలాగా నేలమీద పడి వుంటుంది. సరిగా అప్పుడే మనుషులూ, బరువులూ అటూ ఇటూ కదులుతారు. ఇట్లా చిన్న రంధ్రంగుండా నీరెక్కి మునిగిన పడవలు వున్నాయి. అందుచేత మెషీను విప్పగానే చేసే మొదటి పని, రంధ్రానికి బిరడా బిగించడం.

బట్టల్లోని నీరు

ఇక డ్రయ్యరు మాట. ఐదు కిలోల బట్టలు ఉతికి పిండాక కూడా వాటిలో సుమారు రెండున్నర లీటర్ల నీరు వుంటుంది. డ్రయ్యరు ఆ నీటిని ఆవిరి చేస్తుంది. ఆవిరి పడవలోనే వుండిపోతే? పడవ గోడలు చలికి చల్లగా వుంటాయి. ఆవిరి వాటికి తగిలి మళ్ళీ నీరై కారుతుంది. దుప్పట్లకు, పుస్తకాలకు బూజు పడుతుంది. కొన్ని డ్రయ్యర్లు ఆవిరిని లావుపాటి గొట్టంగుండా బయటికి పంపుతాయి. వాటికోసం గోడలో 10 సెంటీమీటర్ల రంధ్రం చేయాలి. మరి కొన్ని ఆవిరిని లోపలనే చల్లబరిచి, నీరు చేసి ఒక డబ్బాలో పట్టివుంచుతాయి. పడవలో వున్నవాళ్ళకు ఇది సుఖం. డబ్బా తీసి పారబోస్తే చాలు.

రెండున్నర లీటర్లు ఆవిరి చేయడానికి ఒకటిన్నర యూనిట్లకు పైగా కరెంటు ఖర్చవుతుంది. పడవలో కరెంటు చాలావరకు బ్యాటరీలనుంచి వస్తుంది. రెండు వేల వాట్ల డ్రయ్యరు తినే కరెంటుతో 26 పంకాలు తిరుగుతాయి! అందుకని పడవవాళ్ళు ఇంజను నడిచే సమయంలోనే ఉతుకుతారు. వేడిని మళ్ళీ మళ్ళీ వాడుకునే "హీట్ పంప్" డ్రయ్యర్లకు దాదాపు సగం కరెంటు చాలు. ఐతే అన్నిటికన్నా చవక ఏమిటంటే, ఆరబెట్టేముందు బాగా పిండడం. మెషీను పిండడానికి అయ్యే ఖర్చు ఆరబెట్టడానికి అయ్యేదాంట్లో చాలా చిన్న వంతు. మన అమ్మమ్మలు దుప్పటి రెండు కొసలు ఇద్దరు పట్టుకుని మెలిపెట్టి పిండడంలో వున్న తెలివి ఇదే.

డ్రయ్యరులో బట్టలనుంచి రాలిన నూగు ఒక జల్లెడలో చేరుతుంది. అది దూదిలాగా భగ్గున మండుతుంది. ప్రతిసారీ దాన్ని తీసేయాలి. ఇరుకు పడవలో మంట పుడితే పారిపోయే దారులు రెండే.

పని చేసే రోజు

ఇప్పుడు మన ఊహ పడవలో పని ఏ వరుసన జరుగుతుందో చూడండి. ముందు కరెంటు తీసేస్తారు. కుళాయి కడతారు. మెషీను అడుగున వున్న చిన్న మూత విప్పి, లోపల మిగిలిన నీళ్ళు పళ్ళెంలోకి పడతారు. పైనున్న డ్రయ్యరును దించుతారు. పాత మెషీనును నడవలోకి లాగి, గొట్టాలు విప్పి, రంధ్రానికి బిరడా వేస్తారు. కాంక్రీటు దిమ్మ తీస్తారు. నడవలో పక్కపక్కన ఇద్దరు నిలబడలేరు గనక మెషీనుకు అటొకరు, ఇటొకరు వుండి మోస్తారు. కొత్తది తెచ్చేటప్పుడు ముందు నడిచినవాడు లోపలే చిక్కుకుపోతాడు. పాపం, అతను అమరం వైపు మెట్లెక్కి బయటికి వచ్చి, ఒడ్డువెంట నడిచి మళ్ళీ ఇటు రావాలి!

అంతా అయ్యాక ఖాళీ నీళ్ళతో ఒకసారి నడిపి, పొడిగుడ్డతో ప్రతి అతుకూ తుడిచి, తడి వున్నదేమో చూస్తారు. వారం తర్వాత చెక్కనేల పలక ఎత్తి అడుగున మళ్ళీ చూస్తారు. అడుగు పొడిగా వుంటేనే పని పూర్తి అయినట్టు.

మీరూ చేసి చూడండి

ఖాళీ అగ్గిపెట్టె తీసుకోండి. రెండు పుస్తకాల మధ్య, అగ్గిపెట్టె పొడుగుకన్నా రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే ఎక్కువ సందు వుంచండి. అది నడవ. అగ్గిపెట్టెను ఆ సందులో బల్లమీదనే వుంచి గుండ్రంగా తిప్పడానికి ప్రయత్నించండి. ఎక్కడ బిగుస్తుందో చూసి, దాని కర్ణం కొలవండి.

తర్వాత ఒక వెడల్పాటి గిన్నెను నీళ్ళ తొట్టిలో తేల్చి, ఒక పక్కన నాలుగు రూపాయి బిళ్ళలు పెట్టండి. గిన్నెను మళ్ళీ సమంగా నిలపాలంటే రెండో పక్క ఎన్ని బిళ్ళలు, ఎంత దూరంలో పెట్టాలి? బిళ్ళలను నడుమకు జరిపితే ఎన్ని కావాలి?

ఈసారి మీ ఇంటికి బీరువాయో, మంచమో కొనబోయేటప్పుడు నాన్నగారు గది కొలుస్తుంటే, మీరు కొలబద్ద తీసుకుని వీధి గుమ్మంనుంచి మొదలుపెట్టండి.